ట్రాన్స్‌ఫర్‌ వద్దనుకున్నాక ఏది మేలు: రాజీనామానా, సెటిల్‌మెంటా, వాళ్ళే తీసేసేదాకా ఆగడమా?

బెంగళూరు పీణ్యలో కుట్టు యూనిట్‌ తుమకూరుకి మారుతుంది. బొమ్మసంద్రలో ప్యాకింగ్‌ లైను హోసూరు అవతలికి పోతుంది. వైట్‌ఫీల్డ్‌లో నడిచే వాయిస్‌ ప్రాసెస్‌ని హైదరాబాదుకో నోయిడాకో తరలిస్తారు. ఒక లెటర్‌ చేతిలో పెట్టి, ‘ఫలానా తేదీకల్లా అక్కడ రిపోర్ట్‌ చెయ్యండి, కుదరకపోతే పేపర్లు పెట్టెయ్యండి’ అంటారు. ఇంటి అడ్వాన్సు, పిల్లల స్కూలు, భార్యో భర్తో చేసే ఇంకో ఉద్యోగం, అన్నీ చూసుకుని వెళ్ళలేమని తేల్చుకున్నాక చాలామంది ఆ సాయంత్రమే హెచ్‌ఆర్‌ పోర్టల్లో ‘రిజైన్‌’ నొక్కేస్తారు. వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఆ బటన్‌ మాత్రం లెక్క చూసుకోకుండా నొక్కద్దు. ఉద్యోగం పోయాక చేతికి ఏమొస్తుందనేది చాలావరకు రికార్డులో మీ పేరు పక్కన పడే కారణాన్ని బట్టే ఉంటుంది.

మన దేశంలో అందరికీ వర్తించే నిరుద్యోగ భృతి లేదు. ఉన్నది ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కిందికి వచ్చేవాళ్ళకే. కాబట్టి ముందు చూసుకోవాల్సింది మీ పేస్లిప్పు.

21,000కి ఇటా, అటా

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే (దివ్యాంగులకైతే 25,000) ఈఎస్‌ఐ వర్తిస్తుంది. ఈ పరిమితి చూసేటప్పుడు ఓవర్‌టైం కలపరు. పేస్లిప్పులో 0.75 శాతం కోత కనిపిస్తుంటే మీరు లోపల ఉన్నట్టే. కంపెనీ తన వంతు 3.25 శాతం కడుతుంది. ఏడాది మధ్యలో జీతం 21,000 దాటినా, ఆ కాంట్రిబ్యూషన్‌ పీరియడ్‌ అయ్యేదాకా, అంటే ఏప్రిల్‌–సెప్టెంబరు లేదా అక్టోబరు–మార్చి ముగిసేదాకా, కోత ఆగదు, కవరేజీ పోదు.

ఇక్కడొక మెలిక ఉంది. ట్రాన్స్‌ఫర్‌ లెటర్‌తోపాటు చిన్న ప్రమోషన్‌ కూడా ఇస్తారు: ‘సూపర్‌వైజర్‌గా హోసూరు యూనిట్‌కి, జీతం 22,500’. సంతోషపడి ‘అంగీకరిస్తున్నాను’ అని సంతకం చేసి, తర్వాత వెళ్ళడం మానుకుంటే రెండు చోట్ల దెబ్బ. ఆ పీరియడ్‌ అయ్యాక ఈఎస్‌ఐ పోతుంది. అది చాలదన్నట్టు, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన ఇండస్ట్రియల్‌ రిలేషన్స్‌ కోడ్‌ ప్రకారం నెలకి 18,000 దాటిన సూపర్‌వైజర్‌ ‘వర్కర్‌’ లెక్కలోకి రాడు. రిట్రెంచ్‌మెంట్‌ (తప్పు చేయకపోయినా యాజమాన్యమే ఉద్యోగం తీసేయడం) పరిహారం, లేబర్‌ ఆఫీసు దారి అన్నీ వర్కర్‌కే. ట్రాన్స్‌ఫర్‌ సంగతి తేలకముందు ప్రమోషన్‌ కాగితం మీద సంతకం వద్దు.

ఈఎస్‌ఐలో ఉన్నవి రెండు పథకాలు, మొత్తాల్లో చాలా తేడా

మొదటిది అటల్‌ బీమిత్‌ వ్యక్తి కల్యాణ్‌ యోజన. 2018 జూలై 1న మొదలైంది. మొదట సగటు రోజు జీతంలో 25 శాతం ఇచ్చేవారు, 2020లో 50 శాతానికి పెంచారు. గరిష్ఠంగా 90 రోజులకి, జీవితంలో ఒక్కసారే. ఉద్యోగం పోయేముందు కనీసం రెండేళ్ళపాటు ఇన్సూర్డ్‌గా ఉండాలి. ఉద్యోగం పోవడానికి ముందున్న కాంట్రిబ్యూషన్‌ పీరియడ్‌లో 78 రోజులకి, అంతకుముందు రెండేళ్ళలో మిగిలిన మూడు పీరియడ్లలో ఏదో ఒకదాంట్లో 78 రోజులకి చందా పడి ఉండాలి. ఇది శాశ్వత పథకం కాదు, విడతలవారీగా పొడిగిస్తూ వస్తున్నారు. మీ చివరి పనిరోజు నాటికి అమల్లో ఉందో లేదో ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే మిగతా లెక్కలు వేసుకోండి.

రెండోది రాజీవ్‌ గాంధీ శ్రామిక్‌ కల్యాణ్‌ యోజన. 2005 ఏప్రిల్‌ 1 నుంచి ఉంది. దీని గురించి కౌంటర్లో ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మీరే పేరు పెట్టి అడగాలి. కనీసం రెండేళ్ళ చందా ఉండి, ఫ్యాక్టరీ మూతపడటం వల్లో, రిట్రెంచ్‌మెంట్‌ వల్లో ఉద్యోగం పోతే మొదటి 12 నెలలు సగటు జీతంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం ఇస్తారు. ఆ కాలమంతా ఈఎస్‌ఐ వైద్యం కూడా ఉంటుంది. ఒకే కాలానికి రెండు పథకాలూ తీసుకోవడం కుదరదు.

నెలకి 18,000 తీసుకునే ఒకరి లెక్క చూద్దాం. అటల్‌ పథకంలో గడిచిన నాలుగు కాంట్రిబ్యూషన్‌ పీరియడ్ల మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. రెండేళ్ళూ ఖాళీ లేకుండా చేసి ఉంటే 4,32,000ని 730తో భాగిస్తే రోజుకి 592. అందులో సగం 296. తొంభై రోజులకి సుమారు 26,600 వస్తుంది. అదే మనిషికి ఆ రెండేళ్ళలో ఖాళీలు పోను మొత్తం ఏడాది జీతమే లెక్కలో ఉంటే? భాగించేది 730తోనే కాబట్టి రోజుకి 148, మొత్తం సుమారు 13,300. ‘సగం జీతం అన్నారు, పావు జీతమే వచ్చింది’ అని బ్రాంచి ఆఫీసులో గొడవపడేవాళ్ళకి జవాబు ఈ 730లోనే ఉంది.

రాజీవ్‌ గాంధీ పథకంలో అదే 18,000 మనిషికి నెలకి దాదాపు 9,000 చొప్పున ఏడాది, ఆపైన 4,500 చొప్పున ఇంకో ఏడాది. నిండా ఇరవైనాలుగు నెలలు ఖాళీగా ఉంటే లక్షా అరవై వేలు దాటుతుంది. 26 వేలెక్కడ, లక్షా అరవై వేలెక్కడ! ఈ తేడా అంతా ‘రిట్రెంచ్‌మెంట్‌’, ‘క్లోజర్‌’ అన్న మాటలు కాగితం మీద ఉన్నాయా లేవా అన్నదాని మీదే.

ఇక ఏ పథకమూ రాని దారులు. దుష్ప్రవర్తన మీద డిస్మిస్‌ అయితే రాదు. రిటైరైతే రాదు. స్వచ్ఛందంగా విరమించుకుంటే రాదు. ‘వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను’ అన్న ఒక్క వాక్యం మీ చేతులతో మీరే రాసిచ్చాక, ‘కంపెనీ బలవంతం చేస్తే చేశాను సార్‌’ అంటే బ్రాంచి ఆఫీసులో వినే ఓపిక ఎవరికీ ఉండదు.

కారణం ఎక్కడ రాస్తారు

ఈఎస్‌ఐ పోర్టల్లో కంపెనీ ప్రతి నెలా చందా వివరాలు ఎక్కిస్తుంది. మీరు మానేసిన నెలలో మీ పేరు ఎదురుగా సున్నా రోజులు వేసి, పక్కన కారణం ఎంచుకోవాలి. ఆ జాబితాలో ‘లెఫ్ట్‌ సర్వీస్‌’ ఉంటుంది, ‘రిట్రెంచ్‌మెంట్‌’ ఉంటుంది, ‘రిటైర్డ్‌’, ‘ఆన్‌ లీవ్‌’, ‘నో వర్క్‌’, ‘వితౌట్‌ రీజన్‌’ కూడా ఉంటాయి. దాని పక్కనే చివరి పనిరోజు గడి. నెలకి వందలమంది పేర్లు ఎక్కించే పేరోల్‌ కుర్రాడు ఎవరైనా మానేస్తే అలవాటుగా ‘లెఫ్ట్‌ సర్వీస్‌’ పెట్టేస్తాడు. కుట్ర ఏమీ ఉండదు, చెయ్యి అటే పోతుంది. ట్రాన్స్‌ఫర్‌కి రాని పాతికమందికి కలిపి ఒకేసారి పెట్టినా అదే పెడతాడు. అందుకే మీ చివరి నెల ఫైలింగ్‌ అయ్యేలోపు హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్‌ పెట్టండి: ‘నా నిష్క్రమణ కారణం ఈఎస్‌ఐ పోర్టల్లో ఏమని నమోదు చేస్తున్నారు? నేను రాజీనామా చేయలేదు కనుక దాన్ని అలాగే నమోదు చేయగలరు.’ చందా మరుసటి నెల 15లోపు కట్టాలి, కాబట్టి ఈ మెయిల్‌ పదో తేదీకి ముందే వెళ్ళాలి.

కంపెనీ ఇచ్చే చివరి లెటర్‌కీ ఇదే వర్తిస్తుంది. ‘రిలీవ్‌ చేస్తున్నాం’ అని మాత్రమే ఉంటే అటూ కాదు, ఇటూ కాదు. యూనిట్‌ తరలింపు కారణంగా యాజమాన్యం ఉద్యోగాన్ని ముగిస్తోందని, ఇందులో దుష్ప్రవర్తన లేదని రాయించుకోగలిగితే అది ఎన్నో రెట్లు నయం. ‘రిట్రెంచ్‌మెంట్‌’ అనే మాటకి కంపెనీలు సులభంగా ఒప్పుకోవు. ఆ మాట రాస్తే నోటీసు, పరిహారం, జూనియర్‌ని ముందు తీయాలన్న నియమం, మళ్ళీ మనుషుల్ని తీసుకుంటే పాతవాళ్ళని ముందు పిలవాలన్న నియమం అన్నీ మెడకి చుట్టుకుంటాయి. బేరం ఆడాల్సింది అక్కడే.

‘వెళ్ళను’ అంటే చట్టం ఏమంటుంది

అపాయింట్‌మెంట్‌ లెటర్‌ తీసి చూడండి. ‘భారతదేశంలో ఎక్కడికైనా, ఏ అనుబంధ సంస్థకైనా బదిలీ చేయవచ్చు’ అనే క్లాజు ఉందా? లెటర్లో లేకపోతే స్టాండింగ్‌ ఆర్డర్లలో (కంపెనీ సర్వీసు నియమాల్లో) ఉండొచ్చు, అవి ఫ్యాక్టరీలో నోటీసు బోర్డు దగ్గర ఉండాలి. క్లాజు ఉండి, బదిలీ అదే కంపెనీలో ఇంకో బ్రాంచికి అయితే మీ పట్టు బలహీనం. వెళ్ళకపోతే ఆదేశం ధిక్కరించారని విచారణ పెట్టి డిస్మిస్‌ చేయొచ్చు. అప్పుడు భృతి కూడా పోతుంది. ‘వాళ్ళే తీసేసేదాకా ఆగుదాం, అప్పుడు అన్నీ వస్తాయి’ అనే సలహా ఇలాంటివాళ్ళకి పనికిరాదు. కంపెనీ క్యాంటీన్లో ఉచితంగా దొరికే సలహా అదే కావడం దురదృష్టం.

క్లాజు లేకపోతే కథ వేరు. 1960లో కుందన్‌ షుగర్‌ మిల్స్‌ కేసులో సుప్రీం కోర్టు ఇదే తేల్చింది. అమ్రోహా మిల్లులో చేరిన కార్మికులని, యజమానులు తర్వాత కొన్న బులంద్‌షహర్‌ మిల్లుకి పొమ్మన్నారు. చేరేనాటికి అలాంటి షరతు లేదు, ఆ రెండో మిల్లూ వాళ్ళది కాదు. కాబట్టి బదిలీ చేసే హక్కు యజమానికి లేదని, వెళ్ళనందుకు తీసేయడం చెల్లదని తీర్పు. మీ కంపెనీ కొత్తగా పెట్టిన ఇంకో ప్రైవేట్‌ లిమిటెడ్‌కి మిమ్మల్ని పొమ్మంటుంటే ఈ తీర్పు మీకు పనికొస్తుంది. పేస్లిప్పు మీద కంపెనీ పేరు, ట్రాన్స్‌ఫర్‌ లెటర్‌ మీద కంపెనీ పేరు అక్షరం అక్షరం పోల్చుకోండి.

మూడో రకం, బెంగళూరు యూనిట్‌ మొత్తం మూసేయడం. ఇది బదిలీ వేషంలో వచ్చిన క్లోజర్‌, అంటే మూత. యాభైమంది పైన వర్కర్లున్న చోట మూతకి 60 రోజుల ముందు ప్రభుత్వానికి నోటీసు ఇవ్వాలి, వర్కర్లకి రిట్రెంచ్‌మెంట్‌ తరహా పరిహారం ఇవ్వాలి. అందరికీ ట్రాన్స్‌ఫర్‌ లెటర్లు పంచి, రానివాళ్ళని ‘అబ్‌స్కాండింగ్‌’ (చెప్పకుండా మానేశారు) అని రాసేస్తే ఆ ఖర్చు మిగులుతుందని కొన్ని యాజమాన్యాల లెక్క. యూనిట్‌లో మెషీన్లు లారీ ఎక్కుతున్న ఫొటోలు, కరెంటు తీసేసిన తేదీ, మిగిలిన స్టాఫ్‌ ఎంతమంది అనే వివరాలు ఇక్కడ మీకు ఆయుధాలు. ఇలాంటి వర్కర్లంతా కలిసి ఒకే పిటిషన్‌ పెడితే ఇంకా మంచిది.

దూరం సంగతి కూడా చట్టానికి పట్టింది. లేఆఫ్‌ (తాత్కాలికంగా పని ఆపిన) సమయంలో ఇచ్చిన ప్రత్యామ్నాయ పనిని కార్మికుడు కాదంటే పరిహారం పోతుందని పాత 1947 పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పేది కానీ, ఆ పని అదే ఊళ్ళోనో ఐదు మైళ్ళ లోపో ఉంటేనే. అది లేఆఫ్‌కి రాసిన నియమం, ట్రాన్స్‌ఫర్‌కి నేరుగా పనికిరాదు. అయినా పీణ్య నుంచి తుమకూరు అరవై కిలోమీటర్లు అని వాదించేటప్పుడు గుర్తుంచుకోదగ్గదే.

రాజీనామా చేయకుండా కాదనడం ఎలా

నోటి మాటగా కాదు, మెయిల్‌లో. ఇంగ్లీషులో రాయండి, భావం ఇదీ:

‘ఫలానా తేదీ బదిలీ ఉత్తర్వు అందింది. నా నియామక పత్రంలో అలాంటి షరతు లేదు (లేదా: ఫలానా కుటుంబ కారణాల వల్ల నాకు సాధ్యం కాదు). దయచేసి పునఃపరిశీలించండి. నేను రాజీనామా చేయడం లేదు. బెంగళూరులో ఇప్పుడున్న పనికి రావడానికి సిద్ధంగా ఉన్నాను.’

చివరి రెండు వాక్యాలే దీనికి ప్రాణం. బదిలీ తేదీ దాటాక బయోమెట్రిక్‌ పనిచేయదు, సెక్యూరిటీ లోపలికి పంపడు. ఇంట్లో కూర్చుంటే మీ అంతట మీరే మానేసినట్టు రాసేస్తారు. రోజూ షిఫ్టు టైముకి గేటు దాకా వెళ్ళి, అక్కడినుంచే ‘పనికి వచ్చాను, లోపలికి అనుమతించలేదు’ అని మెయిల్‌ పెట్టండి. ఆఫీసు ఐడీ బ్లాక్‌ చేస్తారు కాబట్టి మొదటి రోజు నుంచే సొంత మెయిల్‌ ఐడీకి కాపీ పెట్టుకోవాలి. పాత మెయిళ్ళు, పేస్లిప్పులు, అపాయింట్‌మెంట్‌ లెటర్‌ ముందే దింపుకోండి. క్లయింట్‌ డేటా ముట్టుకోవద్దు. అదే వాళ్ళకి డిస్మిసల్‌ కారణం అవుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది అడ్రసు దగ్గర. కంపెనీ రికార్డులో మీ శాశ్వత చిరునామా అనంతపురం జిల్లాలో ఊరిదో, మదనపల్లెదో ఉంటుంది. షోకాజ్‌ నోటీసు, విచారణ తేదీ, తుది ఉత్తర్వు మూడూ స్పీడ్‌ పోస్టులో అక్కడికే వెళ్తాయి. ఇంటికి తాళం ఉంటే ‘డోర్‌ లాక్డ్‌’ అని తిరిగొస్తాయి. విచారణ మీరు లేకుండానే అయిపోతుంది. ట్రాన్స్‌ఫర్‌ మాట వినగానే హెచ్‌ఆర్‌కి బెంగళూరు అడ్రసు రాసిచ్చి, అందినట్టు జవాబు తీసుకోండి. ఊళ్ళో పోస్ట్‌మాన్‌కి కూడా ఒక మాట చెప్పించడం మంచిది.

వరుసగా కొన్ని రోజులు రాలేదు కాబట్టి ఆటోమేటిక్‌గా ఉద్యోగం పోయిందని రాస్తే అది నిలబడదు. జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్‌ కేసులో 1993లో సుప్రీం కోర్టు, స్టాండింగ్‌ ఆర్డర్లలో అలా రాసి ఉన్నా సరే, కార్మికుడికి చెప్పుకునే అవకాశం ఇచ్చి విచారణ జరపాల్సిందేనంది. షోకాజ్‌ వస్తే జవాబు ఇవ్వకుండా మాత్రం ఉండొద్దు.

అదే మనిషి, మూడు దారుల్లో డబ్బు

18,000 జీతం, ఆరేళ్ళ సర్వీసు, క్లాజు లేని వర్కర్‌ అనుకుందాం.

రాజీనామా చేస్తే గ్రాట్యుటీ వస్తుంది, ఐదేళ్ళు నిండాయి కాబట్టి. గ్రాట్యుటీకి లెక్కేసే జీతం 12,000 అయితే దాన్ని 26తో భాగించి, 15తో, ఆరుతో గుణిస్తే సుమారు 41,500. మిగిలిన లీవు డబ్బులు వస్తాయి. నోటీసు పీరియడ్‌ చేయకపోతే ఒక నెల జీతం కోస్తారు. ఈఎస్‌ఐ భృతి ఆశ వదులుకోవాల్సిందే.

రిట్రెంచ్‌మెంట్‌ అయితే పై గ్రాట్యుటీ, లీవు డబ్బులు అలాగే ఉంటాయి. వాటి మీద ఏడాదికి 15 రోజుల చొప్పున ఆరేళ్ళకి, సగం నెల జీతంగా లెక్కేస్తే 54,000. నోటీసు బదులు 18,000. కొత్త కోడ్‌ ప్రకారం రీస్కిల్లింగ్‌ ఫండ్‌ నుంచి ఇంకో 15 రోజుల జీతం, 9,000, తీసేసిన 45 రోజుల్లో ఖాతాలో పడాలి. అంటే 81,000 అదనం, దానిపైన ఈఎస్‌ఐ భృతి.

సెటిల్‌మెంట్‌ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. హెచ్‌ఆర్‌ ‘రెండు నెలల జీతం ఇస్తాం, రిజైన్‌ చెయ్యండి’ అంటే ఆ 36,000ని 81,000తో, పోగొట్టుకునే భృతితో పోల్చండి. అయితే 81,000 అన్నది వాళ్ళు ఒప్పుకుంటేనో కేసు గెలిస్తేనో వచ్చే డబ్బు. లేబర్‌ కోర్టులో ఏళ్ళు పడుతుంది. మా అభిప్రాయంలో క్లాజు లేనివాళ్ళు నాలుగు నెలల జీతానికి తక్కువైతే రాజీనామా మీద సంతకం చేయకూడదు. క్లాజు ఉన్నవాళ్ళకి రెండు నెలలొచ్చినా మంచి బేరమే. కుదిరితే ఆ ఒప్పందం కన్సిలియేషన్‌ అధికారి (లేబర్‌ శాఖలో రాజీ కుదిర్చే అధికారి) ఎదుట రాయించుకోండి, అప్పుడు రెండో పక్షం తప్పుకోవడం కష్టం. ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అనే వాక్యం చదవకుండా వదలొద్దు. గ్రాట్యుటీ, పీఎఫ్‌, ఈఎస్‌ఐ దానికి మినహాయింపని రాయించండి.

ఫిక్స్‌డ్‌ టర్మ్‌ (నిర్ణీత గడువు కాంట్రాక్టు) మీద ఉన్నవాళ్ళకి గడువు ముగియడం రిట్రెంచ్‌మెంట్‌ కాదు. ట్రాన్స్‌ఫర్‌ గొడవ గడువు చివరి రెండు నెలల్లో వస్తే పోరాటంలో మిగిలేదేమీ ఉండదు. కొత్త సోషల్‌ సెక్యూరిటీ కోడ్‌ కింద ఏడాది సర్వీసుకే రావాల్సిన గ్రాట్యుటీ మాత్రం అడిగి తీసుకోండి.

జీతం 21,000 దాటినవాళ్ళకి

భృతి లేదు. కాబట్టి ఎగ్జిట్‌ కారణం కోసం పట్టుబట్టడం కంటే ప్యాకేజీ కోసం పట్టుబట్టడం తెలివైన పని. నోటీసు పీరియడ్‌ జీతం, జాయినింగ్‌ బోనస్‌ వెనక్కి అడగకపోవడం, పెండింగ్‌ వేరియబుల్‌ పే, రిలీవింగ్‌ లెటర్‌, ఈ నాలుగూ ఒకే మెయిల్లో అడగండి. గ్రూప్‌ హెల్త్‌ పాలసీని అదే బీమా కంపెనీ దగ్గర సొంత పాలసీగా మార్చుకునే అవకాశం గురించి చివరి పనిరోజుకి ముందే అడగాలి. ఇంట్లో షుగరో బీపీయో ఉన్న పెద్దవాళ్ళుంటే రెండు నెలల జీతం కంటే ఇదే విలువైంది కావచ్చు.

‘సాఫ్ట్‌వేర్‌ వాళ్ళకి లేబర్‌ చట్టం లేదు’ అన్న మాట సగమే నిజం. హోదా పేరు కాదు, చేసే పని ముఖ్యం. కింద ఎవరూ లేకుండా కోడ్‌ రాసేవాళ్ళో, టెస్టింగ్‌ చేసేవాళ్ళో తాము వర్కర్లమే అని వాదించుకోవచ్చు. పేరుకి ‘అసిస్టెంట్‌ మేనేజర్‌’ అయి చేతికింద ఎవరూ లేనివాళ్ళు, అప్రైజల్‌ రేటింగులు తాము ఇవ్వరని చూపగలిగితే మంచిది. ఐటీ ఉద్యోగుల కోసం బెంగళూరులో కర్ణాటక స్టేట్‌ ఐటీ/ఐటీఈఎస్‌ ఎంప్లాయీస్‌ యూనియన్‌ ఉంది, అందరూ కిటు అంటారు. లేబర్‌ ఆఫీసు పిటిషన్లు వాళ్ళకి అలవాటే.

వెళ్ళి, అక్కడినుంచే అడగడం

ఇది కూడా ఒక దారే, క్లాజు ఉన్నవాళ్ళకి చాలాసార్లు ఇదే మంచి దారి. ‘నా అభ్యంతరం అలాగే ఉంచుకుని చేరుతున్నాను’ అని మెయిల్‌ పెట్టి కొత్త చోట చేరతారు. దుష్ప్రవర్తన ముద్ర పడదు, జీతం ఆగదు, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి వ్యవధి దొరుకుతుంది. చేరేముందు ప్రయాణం, సామాను ఖర్చు, మొదటి పదిహేను రోజుల వసతి అడగండి, రాతపూర్వకంగా. హైదరాబాదుకే అయితే తెలుగువాళ్ళకి భాష ఇబ్బంది ఉండదు కానీ, కన్నడమో హిందీయో రెండో భాషగా చదివిన పిల్లలకి అక్కడ 2018 చట్టం ప్రకారం తెలుగు తప్పనిసరి. ఆరో తరగతి పిల్లాడు అక్షరాల దగ్గర మొదలుపెట్టాల్సి వస్తుంది. అందుకే చాలా కుటుంబాల్లో విద్యా సంవత్సరం ముగిసేదాకా ఒకరు ముందు వెళ్తారు. రెండు అద్దెలు నెలకి ఎంతవుతాయో, జీతంలో ఎంత పెరుగుతుందో పక్కపక్కన రాసుకుంటే నిర్ణయం పది నిమిషాల్లో తేలిపోతుంది.

పీఎఫ్‌కి కారణంతో పెద్దగా పని లేదు

రాజీనామా అయినా, తీసేసినా పీఎఫ్‌ మీదే. నెల ఖాళీగా ఉంటే 75 శాతం, రెండు నెలలకి మిగిలింది అన్నది 2018 డిసెంబరు నుంచి ఉన్న పద్ధతి. 2025 అక్టోబరు 13న పీఎఫ్‌ ట్రస్టీల బోర్డు దీన్ని మార్చాలని నిర్ణయించింది: 75 శాతం వెంటనే, మొత్తం తీయడానికి 12 నెలలు, పెన్షన్‌ సొమ్ముకి 36 నెలలు. క్లెయిమ్‌ పెట్టే రోజు పోర్టల్లో ఏ గడువు చూపిస్తోందో అదే లెక్క. ఐదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. కంపెనీ కార్యకలాపాలు తగ్గించుకోవడం వల్లో, ఉద్యోగి చేతిలో లేని కారణం వల్లో ఉద్యోగం పోతే ఆ పన్ను ఉండదు. ఐదేళ్ళలోపువాళ్ళకి టెర్మినేషన్‌ లెటర్‌ ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది. కంపెనీ ఎగ్జిట్‌ తేదీ వేయకుండా సతాయిస్తే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ‘మార్క్‌ ఎగ్జిట్‌’లో మీరే వేసుకోవచ్చు. ఫిర్యాదుకి వెళ్ళాల్సింది మీ ఇంటి దగ్గరి పీఎఫ్‌ ఆఫీసుకి కాదు, కంపెనీ కోడ్‌ ఏ ఆఫీసు కింద ఉందో అక్కడికి.

క్లెయిమ్‌, ఫిర్యాదు: ఎప్పుడు, ఎక్కడ

అటల్‌ పథకం క్లెయిమ్‌ ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత ఈఎస్‌ఐసీ సైట్లో మీ ఇన్సూర్డ్‌ పర్సన్‌ లాగిన్‌ నుంచి మీరే పెట్టుకోవచ్చు, కంపెనీ సంతకం కోసం తిరగక్కర్లేదు. ముందుగా రాబోయే రోజులకి క్లెయిమ్‌ తీసుకోరు, గడిచిన రోజులకే. ఆధార్‌, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ స్కాన్‌ చేసి పెట్టాలి. అఫిడవిట్‌ అవసరాన్ని 2020 నవంబరులోనే తీసేశారు. ఎక్కువ క్లెయిములు ఆగేది పేరు తేడా వల్ల: ఆధార్లో ఇంటిపేరు పూర్తిగా, ఈఎస్‌ఐలో పొడి అక్షరం. తెలుగువాళ్ళకి ఇది దాదాపు ఖాయం. ఉద్యోగంలో ఉండగానే కంపెనీ ద్వారా సరిచేయించుకుంటే వారంలో అయ్యే పని, మానేశాక నెలలు పడుతుంది. కొత్త ఉద్యోగం దొరికిన రోజు నుంచి భృతి ఆగుతుంది. చేతిలో ఆఫర్‌ లెటర్‌ ఉండి అయిదారు వారాల్లో చేరేవాళ్ళు, జీవితంలో ఒక్కసారే వచ్చే ఈ అవకాశాన్ని దానికి ఖర్చుపెట్టుకోవడం దండగ.

బెంగళూరులో ఈఎస్‌ఐసీ ప్రాంతీయ కార్యాలయం బిన్నీపేటలో ఉంది కానీ క్లెయిమ్‌ పని మీ డిస్పెన్సరీకి అనుబంధమైన బ్రాంచి ఆఫీసులోనే అవుతుంది. టోల్‌ ఫ్రీ నంబరు 1800-11-2526. భృతి రాకపోయినా వైద్యం గుర్తుంచుకోండి: ఏప్రిల్‌–సెప్టెంబరు చందాకి తర్వాతి జనవరి–జూన్‌, అక్టోబరు–మార్చి చందాకి జూలై–డిసెంబరు బెనిఫిట్‌ పీరియడ్‌. చేతిలో ఉన్న కార్డు పారేయొద్దు.

ఉద్యోగం తీసేయడం మీద ఫిర్యాదు బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక భవనలో. కన్నడ రాకపోతే ఇంగ్లీషులో రాసివ్వొచ్చు. పిటిషన్‌తోపాటు అపాయింట్‌మెంట్‌ లెటర్‌, ట్రాన్స్‌ఫర్‌ లెటర్‌, మీ అభ్యంతరం మెయిల్‌, గేటు దగ్గర పెట్టిన మెయిళ్ళు, ఆరు నెలల పేస్లిప్పులు, ఈఎస్‌ఐ చందా హిస్టరీ ప్రింటు, అన్నీ మూడు సెట్లు తీసుకెళ్ళండి. ఒక సెట్టు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. రాజీ కుదరకపోతే పిటిషన్‌ పెట్టిన 45 రోజులకి నేరుగా లేబర్‌ కోర్టు స్థాయికి వెళ్ళొచ్చు. పాత చట్టంలో ఇందుకు మూడేళ్ళ గడువు ఉండేది, కొత్త కోడ్‌లో అది రెండేళ్ళే. జీతం బకాయి, ఫుల్‌ అండ్‌ ఫైనల్‌ విషయానికి అంత ఆగక్కర్లేదు: రాజీనామా అయినా, తీసేసినా రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్‌ చెబుతోంది. మూడో రోజే రిమైండర్‌ మెయిల్‌ పెట్టొచ్చు.